చక్రవర్తిగారి ఏలుబడి

బెంగళూరు హోసూరు రోడ్డు మీద రోజూ రాకపోకలు సాగించే సహబాధితులారా! దేశంలో తెగని సమస్యలు చాలా ఉన్నాయని నాకు తెలుసు. నదీజలాల పంపకం ఉంది, సరిహద్దుల గొడవ ఉంది, సిల్క్ బోర్డు సిగ్నలు ఉంది. వాటి సరసన నా సమస్యను కూడా చేర్చాలనీ, అఖిలపక్షాన్ని పిలిచి శ్వేతపత్రం విడుదల చేయాలనీ, వీలైతే పార్లమెంటులో ఓ పూట స్వల్పకాలిక చర్చకు అనుమతించాలనీ కోరుతున్నాను. నా బండి నా మాట వినడం లేదు.

బండి అంటే అల్లాటప్పా బండి కాదు, డబుల్ క్యాబ్ పికప్. ముందు ఇంటిల్లిపాదీ కూర్చుంటే, వెనక తొట్టిలో అనంతపురం జిల్లా సగం కూర్చుంటుంది. చెనిక్కాయల మూటలు, చింతపండు, కొర్రలు, "మీరెట్లాగూ వస్తున్నారు కదా" అంటూ ఊళ్ళోవాళ్ళు అంటగట్టిన బీరువా. దానికి కంపెనీవాడు ఇచ్చిన చక్రాలు ఉండేవి. గుండ్రంగా ఉండేవి. తిప్పిన వైపు తిరిగేవి, ఆపిన చోట ఆగేవి, తక్కిన వేళల్లో నోరు మూసుకుని ఉండేవి. చక్రం నుంచి సంసారి ఇంతకంటే ఏం కోరుకుంటాడు?

"దమ్ము" అన్నాడు మా బామ్మర్ది.

బామ్మర్ది అనే వ్యవస్థ గురించి మీకు నేను చెప్పేదేముంది, మీకూ ఒకడు ఉండే ఉంటాడు. మావాడి స్నేహితుడొకడు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురం ఉంటున్నాడు. తన పికప్ పక్కన నిలబడి ఫొటో తీయించుకుని పంపాడు. ఫొటోలో చక్రం అతని నడుము దాకా ఉంది. "చూడు బావా, బండంటే అదీ! మనది నిలబడితే బ్యాంకులో లోను కోసం నిలబడినట్టుంది" అన్నాడు మావాడు. అక్కడి హైవేల మీద ఒక్కో లేనూ పన్నెండడుగులు ఉంటుందనీ, అంత విశాలమైన దేశంలో కూడా ఈ పిచ్చి ముదిరి, ముక్కు ఆకాశానికీ తోక నేలకూ పెట్టుకు తిరిగే బండ్లను నార్త్ కరోలినా రాష్ట్రం 2021లో చట్టం చేసి మరీ ఆపిందనీ నేను చెప్పబోయాను. అప్పటికే బండి జె.సి. రోడ్డు చేరింది.

మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడెయరు పేరు పెట్టుకున్న ఆ వీధిలో ఇవాళ రాజ్యమేలుతున్నవి సీటు కవర్లు, హారన్లు, అల్లాయ్ చక్రాలు. అందులో ఒక అంగట్లో పాతవి విప్పారు, కొత్తవి బిగించారు. పాత రిమ్ములు ఎక్స్‌ఛేంజ్ అనే మంత్రంతో మాయమయ్యాయి. నా ఫోనులోంచి నా వేలిముద్రతోనే డబ్బు వెళ్ళిన మాట వాస్తవం. కానీ సంతకం పెట్టడం వేరు, సమ్మతించడం వేరు. ఈ తేడా ఏ రాష్ట్రపతినడిగినా చెబుతారు. అంగడి యజమాని మాత్రం చాలా మర్యాదస్తుడు. టీ ఇప్పించాడు.

ఇక అంకెల్లోకి వద్దాం, ఎందుకంటే నా మీద జరిగిన కుట్ర అంతా అంకెల్లోనే దాగి ఉంది. పాత టైరు మీద 245/70 ఆర్ 16 అని ఉండేది. కొత్తదాని మీద 285/75 ఆర్ 16 అని ఉంది. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు నూటికి ఎంత అన్నది. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒక్క వరుసలో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ సర్దుకుని కాపురం చేస్తున్నాయి. మా అపార్ట్‌మెంటు సంఘానికి ఆ పాటి సర్దుబాటు కూడా చేతకాదు. లెక్క కడితే పాత చక్రం నిలువెత్తు 749 మిల్లీమీటర్లు, కొత్తది 834. అంటే నూటికి పదకొండుకు పైగా పెరుగుదల. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నా జీతం ఒక్కసారీ అంత పెరగలేదు.

చక్రం ఒక చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోయినట్టో స్పీడోమీటరుకు పుట్టింట్లోనే నేర్పించి పంపుతారు. పాపం, దానికి చక్రం మారిందని ఎవరూ చెప్పలేదు. చుట్లు లెక్కపెట్టి పాత లెక్కే చెబుతోంది. ముల్లు 72 దగ్గర ఉందంటే, చక్రాల లెక్క ప్రకారం బండి 80 పైన పోతున్నట్టు. కంపెనీలు ముందుజాగ్రత్తగా, ఉన్న వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఆ కాస్తను ఈ చక్రాలు మింగేసి పైగా అప్పు కూడా చేశాయి. ఎలక్ట్రానిక్ సిటీ వైపు 2010లో తెరిచిన ఆ పైవంతెన ఉంది కదా, తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు, దాని మీద నేను సాత్వికుడిలా, ముల్లు మీద ఒక కన్నూ దైవం మీద ఒక కన్నూ వేసి పోతుంటాను. కెమెరా దృష్టిలో మాత్రం నేనొక దుడుకు కుర్రాణ్ణి. ఈ వయసులో.

దూరం సంగతీ అంతే. ఇంటి నుంచి అనంతపురం 220 కిలోమీటర్లు అనుకోండి, నా మీటరు ప్రకారం 198కే ఊరొచ్చేస్తుంది. ఇరవై రెండు కిలోమీటర్ల జాతీయ రహదారి, అందులో కొన్ని మర్రిచెట్లు, ఒకటో రెండో ఊళ్ళు, గాలిలో కలిసిపోయాయి. బాగేపల్లి టోల్ గేటు దగ్గర డబ్బు తగ్గించారా అంటే లేదు. పోనీ డీజిలు బంకులోనైనా ఆ రాయితీ కనిపించాలి కదా? బరువైన చక్రాలను కదిలించడానికి ఇంజను ముందుకంటే ఎక్కువే తాగుతోంది, మీటరేమో ముందుకంటే తక్కువ దూరం రాస్తోంది. రెండు వైపులా దెబ్బ. లీటరుకు ఎంత ఇస్తోందని ఇంట్లో అడిగితే, అది వ్యక్తిగత గోప్యతకు సంబంధించిన విషయమని చెప్పాను. ఆవిడ రసీదులు చూసింది.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు సార్వభౌమాధికార సమస్య స్టీరింగు దగ్గర ఉంది.

పాత రిమ్ము చక్రాన్ని మడ్‌గార్డు నీడలో ఒద్దికగా ఉంచేది. కొత్త రిమ్ము దాన్ని బయటికి నెడుతుంది. టైర్ల అంగడివాళ్ళు దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. మనం స్టీరింగు తిప్పితే చక్రం ఒక వాలు గీత చుట్టూ తిరుగుతుంది. కంటికి కనిపించని ఆ గీత నేలను తాకే చోటూ, టైరు నడిమి భాగం నేలను తాకే చోటూ దగ్గరదగ్గరగా ఉండేట్టు ఎవరో ఇంజనీర్లు కళ్ళు కాయలు కాచేలా లెక్కలు వేశారు. చక్రం బయటికి జరిగేసరికి ఆ రెండింటి మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడమే ఇప్పుడు గుంటల చేతికి దొరికిన మీట. ఎడమ చక్రం గుంటలో పడితే స్టీరింగు ఎడమకు గుంజుకుంటుంది, కుడిది పడితే కుడికి. రెండూ ఒకేసారి పడితే నా రెండు భుజాలూ కలిసి ఒక నిర్ణయానికి రావాలి. మా బొమ్మనహళ్ళిలో గుంట "వస్తే" అనే మాటకు అర్థం లేదు, అవి మనకంటే ముందు వచ్చి స్థిరపడ్డవి. బేగూరు రోడ్డులో పాలప్యాకెట్టు కోసం వెళ్ళి వస్తే పాతకాలపు కుస్తీ పహిల్వానుకు కావలసిన వ్యాయామమంతా అయిపోతుంది. పాలు పెరుగవుతాయి.

వెడల్పు టైరుకు ఇంకొక దుర్గుణం ఉంది. దారిలో జాడ కనిపిస్తే దాన్ని పట్టుకుని పోతుంది. పైవంతెన స్తంభాలూ మెట్రో స్తంభాలూ కలిసి కాపలా కాస్తున్న హోసూరు రోడ్డు కింది దారి మీద బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు, తమిళనాడు లారీలు కలిసి చేసిన జాడలు మీరు చూసే ఉంటారు. సన్న టైరు వాటిని దాటి పోయేది. ఇది దాటదు. నేను హొంగసంద్ర పోదామనుకుంటాను, నా బండి నిన్న నీళ్ళ ట్యాంకరు ఎటు పోయిందో అటు పోతుంది. ఒకసారి ఆ జాడ వెంబడే పోయి ఎవరిదో అపార్ట్‌మెంటు సంపు ముందు ఆగాను. వాచ్‌మన్ గేటు తీసి, పైపు ఎక్కడని అడిగాడు.

"అలైన్‌మెంటు పోయుంటుంది బావా, అంతే" అన్నాడు బామ్మర్ది, దేశంలో ద్రవ్యోల్బణం తాత్కాలికమే అని చెప్పే ఆర్థికవేత్త గొంతుతో. అలైన్‌మెంటు చేసే చోటికి తీసుకుపోయాం. చక్రాలకు అద్దాలు తగిలించారు, కంప్యూటరులో రంగుల పటం వచ్చింది. టో, క్యాంబర్, క్యాస్టర్ అన్నీ పచ్చగా ఉన్నాయి. బండి మాత్రం గేటు దాటగానే ఎడమకు లాగింది. వెనక్కి తిరిగి వచ్చి చెప్పాను. మళ్ళీ చూశారు. మళ్ళీ పచ్చగానే ఉంది. "కంప్యూటర్‌లో అంతా గ్రీనే సార్" అన్నాడు ఆ కుర్రాడు నన్ను జాలిగా చూస్తూ. కంప్యూటరు చూసేది చక్రం ఏ కోణంలో నిలబడిందన్నది మాత్రమే. చక్రం ఎంత పెద్దది, ఎంత బయటికి పొడుచుకొచ్చింది, ఎంత బరువు మోస్తోంది అన్నవి దాని పాఠ్యప్రణాళికలో లేవు. నివేదిక బాగుంది, ప్రజలే బాగాలేరు. ఈ పరిస్థితి మనకు కొత్త కాదు.

ఆ తర్వాత, అరవై దగ్గర స్టీరింగు వణుకుతోందంటే బ్యాలెన్సింగు అన్నారు. రిమ్ము లోపలి అంచుకు బరువు ముక్కలు అంటించారు. వణుకు అరవై దగ్గర ఆగి, ఎనభై దగ్గర మొదలైంది. హబ్బు మీద రిమ్ము సరిగ్గా కూర్చోవడానికి మధ్యలో ఒక రింగు ఉండాలట, లేకపోతే భారమంతా నట్ల మీదే పడుతుందట. ఆ రింగు మాటెత్తితే మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, ఈ నగరపు అలిఖిత రాజ్యాంగంలోని మొదటి అధికరణం చదివాడు: "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి సార్."

అడ్జస్ట్ అవుతూనే ఉన్నాను. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్ కవచాన్ని రాసుకుని, నిండు సభలో ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడు చేస్తుంది. దానికి విరుగుడుగా మెకానిక్కు వేడిగాలి మిషను పెట్టి కవచాన్ని మెత్తబరిచి లోపలికి నొక్కాడు. చాలలేదు. రంపం తీసి బంపరు మూల కోశాడు. అదీ చాలలేదు. "ఫుల్లుగా తిప్పకండి సార్" అన్నాడు చివరికి. కాబట్టి ఇప్పుడు నేను ఫుల్లుగా తిప్పను. కూడ్లు గేటు దగ్గర యూ టర్న్ తీసుకోవడానికి ముందుకు, వెనక్కు, ముందుకు, క్షమించండి అని చేయి ఊపుతూ మళ్ళీ వెనక్కు. ఆ కాస్త వ్యవధిలో వెనక ఆగినవాళ్ళు కన్నడంలో, తమిళంలో, హిందీలో, మన తెలుగులో నా పూర్వీకులను స్మరిస్తారు. తెలుగు తిట్లే ఎక్కువ బాధిస్తాయి, ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది.

బ్రేకుల గురించి రెండే ముక్కలు. డిస్కు పాతదే, ప్యాడ్లు పాతవే, కాలూ పాతదే. చక్రం మాత్రం పెద్దది. అదే పట్టు పెద్ద చక్రం అంచుకు చేరేసరికి తరిగిపోతుంది, పైగా బరువంతా అంచునే ఉంది కాబట్టి తిరుగుతున్నది ఆగడానికి ఇష్టపడదు. ముందు ఆటో ఆగిందని బ్రేకు వేస్తే బండి ఆ ప్రతిపాదనను పరిశీలనలోకి తీసుకుంటుంది. పెద్ద చక్రమంటే గేర్లన్నీ ఒక మెట్టు పైకి జరిగినట్టే. బేస్‌మెంటు ర్యాంపు మీద మొదటి గేరు రెండో గేరులాగా దగ్గుతుంది, క్లచ్చు వాసన లిఫ్టు ఎక్కి మూడో అంతస్తు దాకా వస్తుంది. ఏదో మాడుతోందని అక్కడివాళ్ళు స్టవ్వు ఆపుకుంటారు.

బేస్‌మెంటులో నా స్థలం ఒక స్తంభానికీ ఒక స్కూటీకీ మధ్య ఉంది. బండి ఒళ్ళు ఇరుకుగానైనా పడుతుంది, చక్రాలు పట్టవు. సంఘం కార్యదర్శిగారు కాకినాడవారు, మెత్తగా మాట్లాడతారు. "సార్, తమరి బండి గీతలోనే ఉందండీ, తమరి టైర్లే పక్కవారి ఆస్తిలోకి వచ్చేశాయండీ" అన్నారు. ఆక్రమణల తొలగింపు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా ఫ్లాటు నంబరు రాయలేదు గానీ టైరు బొమ్మ వేశారు.

మా అత్తగారి విషయం వేరే అధ్యాయం. బండి లేచింది నాలుగు సెంటీమీటర్లేనని బామ్మర్ది వాదన. నిజమే, చక్రం పెరిగినదాంట్లో సగమే బండి లేస్తుంది. కానీ అంతకుముందే ఆవిడ ఎక్కడానికి నన్నూ, తలుపునూ, శ్రీనివాసుణ్ణీ పట్టుకునేది. ఆ పైన నాలుగు సెంటీమీటర్లు ఎక్కడ నుంచి తేవాలి? ఇప్పుడు వంటింటి పీట బండిలోనే ఉంటుంది. ఆవిడ ఎక్కాక పీటను లోపలికి అందించాలి, దిగే ముందు నేను పరుగున వచ్చి పీట వేయాలి. గుడి ముందు అందరూ చూస్తుండగా ఈ రాజలాంఛనం జరుగుతుంది. ఆవిడ మాత్రం ఈ సంగతిలో కన్నకొడుకును ఒక్క మాట అనదు. "అల్లుడు బండి పెద్దది చేయించినాడు" అని పక్కవాళ్ళకు చెబుతుంది.

స్టెప్నీ మాట మరిచిపోయాను, మరిచిపోవడమే మేలు. కొత్త చక్రం తొట్టి కింద స్టెప్నీ ఉండే చోట పట్టదు. అందుకని కింద పాత చిన్న చక్రమే ఉంది. వెనక ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది పెట్టుకుని పోతే నేరుగా పోతున్నప్పుడు కూడా డిఫరెన్షియల్ మలుపు తిరుగుతున్నట్టే శ్రమపడుతుంది. ఇక ఫోర్ వీల్ వేస్తే గేర్‌బాక్సు ప్రాణానికే ముప్పు. ఆ మీదట జాకీ. దాన్ని పాత చక్రం ఎత్తుకు కొలిచి ఇచ్చారు. పంచరైతే జాకీ కింద ఇటుక పెట్టాలి. ఇటుక కూడా బండిలోనే ఉంటుంది, పీట పక్కన.

మరి ప్రయాణం మెత్తబడిందా అంటారా? 1880ల చివర్లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి గాలి టైరు చేశాడు. ఆ మహానుభావుడి ఆశయం మా ఇంటి దగ్గరి స్పీడ్ బ్రేకరు మీద ప్రతిరోజూ రెండు పూటలా నుగ్గవుతోంది. ఈ టైర్లు అడవుల్లో, బండరాళ్ళ మీద పోవడానికి చేసినవి, పక్క గోడలు దళసరి, మోసేది టన్నులు. జంపర్లేమో పాత తేలిక చక్రాలను అదుపు చేయడానికి పుట్టినవి, ఈ బరువును చూసి చేతులెత్తేశాయి. గాలి ఎంత పెట్టాలో తలుపు దగ్గర అంటించిన కాగితం చెబుతుంది, కానీ అది పరలోకగతులైన టైర్ల గురించి. పంచరంగడిలో అడిగితే "ఎంత పెట్టమంటారు సార్?" అని నన్నే అడిగాడు.

చట్టం వైపు చూశాను, ఆశతో కాదు, అలవాటుగా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చరాదంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక్కడ నాకొక ధర్మసందేహం ఉంది. నాలుగు చక్రాలు కలిపి ఒక మార్పా, నాలుగు మార్పులా? కోసిన బంపరు మూల అయిదోదా? పీట ఆరోదా? న్యాయకోవిదుడైన ఒక మిత్రుణ్ణి అడిగితే, ఫీజు విడిగా మాట్లాడుకుందాం అన్నాడు.

"మెట్రో ఉంది కదండీ" అంది మా ఆవిడ. ఉంది. 2025 ఆగస్టు 10న ప్రధాని జెండా ఊపిన ఎల్లో లైను, ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా, మన బొమ్మనహళ్ళికి ఒక స్టేషను కూడా. డ్రైవరు లేకుండా నేరుగా పోగల సత్తా ఆ రైళ్ళకు ఉందట. డ్రైవరు ఉండి కూడా నేరుగా పోలేని బండికి నెలనెలా కంతు కడుతున్న మనిషితో అనవలసిన మాటేనా అది? వాకౌట్ చేశాను. మెట్రో స్టేషను దాకా నడిచి, రైలెక్కి, ఆఫీసుకు పోయాను.

సాయంత్రం వచ్చేసరికి బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. దీర్ఘంగా ఆలోచించాడట. "చక్రాల తప్పేం లేదు బావా, తప్పంతా సస్పెన్షన్‌ది. రెండంగుళాల లిఫ్ట్ కిట్టు ఏపిస్తే రాసుకోదు, లాగదు. కాకపోతే అప్పుడు స్టీరింగ్ రాడ్లు మార్చాల, బ్రేకు పైపులు పొడుగుయి ఏయాల, హెడ్‌లైట్లు కిందికి దించాల." అత్తగారు పీట వైపు చూసింది. నేను ఇంటిపెద్ద హోదాలో, ఆ హోదా ఉందనే నమ్మకంతో, పాత టైర్లు తీయండి, వాటికి రిమ్ములు వెతికించి రేపే బిగిద్దాం అని ప్రకటించాను.

ఎవరూ కదలలేదు. టైర్లు డాబా మీద ఉన్నాయట. ఎక్స్‌ఛేంజ్‌లో రిమ్ములే పోయాయి, టైర్లను బామ్మర్ది ఇంటికి చేర్చాడు, మా ఆవిడ వాటిలో మట్టి నింపి వంగనారు నాటింది. మూడింట్లో వంకాయలు, ఒకదాంట్లో పుదీనా. నేను చొక్కా చేతులు మడిచాను.

"కాపు మీదున్నాయండీ, ఇప్పుడు కదిలించగూడదు" అంది ఆవిడ. "సంక్రాంతి పోనీ" అంది అత్తగారు. "లిఫ్ట్ కిట్టుకు పండగ ఆఫరుంది బావా" అన్నాడు వాడు.

గుత్తివంకాయ వడ్డించారు. ఉప్పూ కారం సరిగ్గా కుదిరాయి, ఫిర్యాదుకు అక్కడ కూడా తావు లేకుండా పోయింది.